క్రిప్టో కాయిన్ మీది.. మరి ఓటు ఎవరిది?

గంగవరం పంచాయతీ ఎన్నికల్లో సెంటు భూమి లేని కూలీకైనా, పదెకరాల ఆసామికైనా ఒక్కటే ఓటు. క్రిప్టోలో చాలా చోట్ల లెక్క వేరు. అక్కడ ఓటు మనిషికి కాదు, కాయిన్‌కి. లక్ష కాయిన్లుంటే లక్ష ఓట్లు. 'ఇది ఎవరి కంట్రోల్‌లోనూ ఉండదు' అని యూట్యూబ్ వీడియోల్లో తెగ చెప్తుంటారు కదా.. నిజంగా అంతేనా?

2020లో స్టీమ్ అనే కాయిన్ విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ట్రాన్ అధినేత జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నారు. దాంతో కంపెనీ దగ్గరున్న భారీ సంఖ్యలో కాయిన్లు కూడా ఆయన చేతికొచ్చాయి. వాటితో ఓట్లేసి మొత్తం నెట్‌వర్క్‌నే గుప్పిట్లో పెట్టుకుంటారేమోనని, దాన్ని నడిపే సభ్యులు ఆ కాయిన్లను ఫ్రీజ్ చేశారు. వీళ్లను 'విట్‌నెస్‌లు' అంటారు, కాయిన్ ఓట్లతోనే ఎన్నికవుతారు.

మార్చి మొదట్లో సీన్ రివర్స్ అయింది. బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు తమ కస్టమర్లు దాచుకున్న కాయిన్లతోనే సన్ వర్గానికి ఓట్లేశాయి. పాత విట్‌నెస్‌లు పదవి కోల్పోయారు. కాయిన్ల ఓనర్లను మాత్రం ఎవరూ అడగలేదు! విమర్శలు రావడంతో బైనాన్స్, హువోబీ ఓట్లు వెనక్కి తీసుకున్నాయి. చివరికి పాత సభ్యులు మార్చి 20న 'హైవ్' పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు.

బిట్‌కాయిన్‌లో ఇలాంటి కాయిన్ ఓటింగ్ లేదు. డెవలపర్లు కోడ్ రాస్తారు, మైనర్లు బ్లాకులు తయారు చేస్తారు, ఆ సాఫ్ట్‌వేర్‌ను నడపాలో వద్దో నోడ్ ఓనర్ల ఇష్టం. 2017లో పెద్ద మైనర్లు, కంపెనీలు కలిసి బ్లాక్ సైజు పెంచాలని ఒప్పందం చేసుకున్నా, తగినంత మద్దతు లేక నవంబర్‌లో విరమించుకున్నారు. డబ్బున్నోళ్ల మాట ప్రతిసారీ చెల్లదన్నమాట.

ఇక మన దేశం సంగతి. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ హ్యాక్ అయి సుమారు రూ.2,000 కోట్ల క్రిప్టో మాయమైంది. విత్‌డ్రాలు ఆగిపోయాయి. ఎంత, ఎలా తిరిగివ్వాలనే ప్లాన్‌పై యూజర్లు ఓటేశారు. కానీ తుది మాట సింగపూర్ హైకోర్టుది. మెజారిటీ ఒప్పుకున్న ప్లాన్‌ను 2025 జూన్‌లో కోర్టు తోసిపుచ్చింది. మార్పులు చేసి మళ్లీ ఓటింగ్ పెట్టాక అక్టోబర్‌లో ఓకే చెప్పింది.

పుంగనూరులోనో కుప్పంలోనో కూర్చుని యాప్‌లో కొన్న కాయిన్ సాధారణంగా ఎక్స్ఛేంజ్ వాలెట్‌లోనే ఉంటుంది. దాని తాళం, అంటే ప్రైవేట్ కీ, వాళ్ల దగ్గరే. సొంత వాలెట్‌కి మార్చుకుంటే తాళం మీ చేతికొస్తుంది, ఓటింగ్ ఉన్న కాయిన్ అయితే ఓటు కూడా. కానీ ఆ కీ పోగొట్టుకుంటే మొర పెట్టుకోవడానికి కస్టమర్ కేర్ కూడా ఉండదు.