రోగశయ్య చెంత సహధర్మము



సప్తపదిలో మొదటి అడుగు అన్నము కొఱకు, రెండవది బలము కొఱకు. ఏడవ అడుగు పిమ్మట వరుడు వధువును సఖిగా సంబోధించును. ఈ మంత్రములను పాఠశాలలో వల్లించితిమి, ఎన్నో పెండ్లిండ్లలో చెప్పించితిమి. మా గృహిణికి క్యాన్సరు వచ్చిన పిదపనే వాని అర్థము మాకు బోధపడినది.

వ్యాధి పేరు వినిన నాడే మధిరలో వైరా ఏటి ఒడ్డునగల మృత్యుంజయస్వామి సన్నిధిలో జపమునకు కూర్చుంటిమి. ఇంటికి వచ్చి ఆమెతో "ఏమీ లేదు, చిన్న గడ్డ" అని బొంకితిమి. మూడవ విడత మందు ఎక్కించిన రాత్రి ఆమె, "ఏమండీ, నాకు తెలియదనుకున్నారా? స్వామితో అన్నీ చెప్పుకుంటున్నారు, నాతో తప్ప" అన్నది. సిగ్గుపడితిమి. సఖ్యమనగా నిజమును ఇరువురును కలిసి మోయుట.

మహాభారత వనపర్వమునందలి సావిత్రీ కథలో యమునితో సంవాదమునే అందఱును చెప్పుకొందురు. దానికి ముందు ఒక ఏడాది కలదు. భర్త ఆయువు సంవత్సరమేనని నారదుని వలన వినియు ఆమె అత్తమామల సేవ మానలేదు. గడువునాడు అడవికి వెంట నడచినది. తలనొప్పి యని అతడు ఒరుగగా తలను ఒడిలోనికి తీసికొన్నది. ఈ సేవ యముడు రాకపూర్వమే జరిగినది. మనకు గడువు తెలియదు, నేటి పని మాత్రము తెలియును.

అయితే భర్తను కోల్పోయిన స్త్రీని చూచి "సావిత్రివంటి నిష్ఠ లేకపోయె" ననుట పాపము. కర్మసిద్ధాంతమును రోగిపై రాయివలె విసరరాదు. సేవాధర్మము భార్యకు మాత్రమే కాదు. నాతిచరామి యని ప్రమాణము చేసినవాడు భర్తయే గదా!

ఇక ఆచరణ. క్యాన్సరు అంటువ్యాధి కాదు, కంచము వేఱు చేయరాదు. మందు ఎక్కించిన పిదప, సాధారణముగా 7 నుండి 14 దినముల నడుమ, తెల్ల రక్తకణములు తగ్గును. అప్పుడు జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారుదాక ఆగక వైద్యుని చేరవలెను. నిలువ అన్నము, కడుగని పండ్లు పెట్టరాదు. రోగిచేత ఉపవాసము చేయింపరాదు. వ్రతమునకు భంగము కలిగింపనివని ధర్మశాస్త్రము చెప్పిన ఎనిమిదింటిలో నీరు, పాలు, పండు, ఔషధము ఉన్నవి. వాంతి ఎత్తిపోయునప్పుడు మడి చూచుకొనరాదు. ఆ సేవయే మడి.

ధనమునకు వెఱచి చికిత్స మానరాదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి కలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ క్రింద అర్హులకు క్యాన్సరు చికిత్స లభించును.

ఎన్.టి. రామారావుగారి ధర్మపత్ని బసవతారకమ్మగారు 1985లో ఈ వ్యాధితోనే గతించిరి. ఆమె పేర ఆయన సంకల్పించిన ఆసుపత్రి, ఆయన పోయిన పిదప 2000లో తెఱవబడినది. మనమందఱము ఆసుపత్రి కట్టలేము, గంజి కాచగలము. డెబ్బదియేండ్లు దాటినాక మేమును పొయ్యి వెలిగించుట నేర్చితిమి. మొదటి అడుగు అన్నము కొఱకే కదా!

ఆమె చికిత్స ముగిసినది. మూడు మాసములకొకసారి పరీక్ష. ఫలితము వచ్చువఱకు ఇరువురకును నిదుర ఉండదు. జపము విడువలేదు, ఇప్పుడు ఆమె మంచము ప్రక్కన కూర్చుండి చేయుచున్నాము. నడుమ ఆమె పిలిచినచో మాల ప్రక్కనుంచి పలుకుచున్నాము. స్వామి తప్పు పట్టడని మా విశ్వాసము.

స్వస్తి.