గేమ్ ఓవర్ అని చెప్పే డబ్బ

బొంబైల బిల్డింగు పనికి పోయిన మా చిన్నాయిన ఒకసారి దసరాకు వస్తూ సంచిల ఒక ప్లాస్టిక్ డబ్బ తెచ్చిండు. రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్. దేవరకొండ దిక్కు మా ఊర్ల గప్పుడు టీవీలే నాలుగైదు. డబ్బను టీవీకి తగిలిచ్చినంక వాడకట్టు పోరగాండ్లందరం ఆ అర్రలనే. లైఫ్‌లు అయిపోతే రిమోట్ పక్కోనికి ఇయ్యాలె, గదే రూలు. కరెంటు పోతే అందరం ఒక్కటే లొల్లి.

మేం దానిని ‘వీడియో గేమ్’ అన్నం. దాని అసలు పేరు ఫ్యామిలీ కంప్యూటర్ అని నాకు ఇరవై ఏండ్లకు తెలిసింది. జపాన్ దేశపు నింటెండో కంపెనీ 1983 జులై 15 నాడు దానిని అమ్మకానికి పెట్టింది. ధర 14,800 యెన్లు. మిషిన్‌ను తయారుజేసిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. 1985ల షిగెరు మియామోతో చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చినంక దాని పేరు దునియంత పాకింది. గా ఏడే అమెరికాకు ఎన్‌ఈఎస్ అనే పేరుతోటి పోయింది. రెండు పేర్లతోటి కలిపి 6 కోట్లకు పైగ మిషిన్లు అమ్ముడువోయినయి.

మరి మా చిన్నాయిన తెచ్చిన డబ్బ మీద నింటెండో పేరు ఎందుకు లేదు? ఎందుకంటే అది డూప్లికేటు. అసలు మిషిన్ల వేరువేరుగ ఉన్న చిప్పుల పనినంతా తైవాన్, చైనా కంపెనీలు ఒక్క చిప్పులకు కుదించినయి. డబ్బ ఇప్పిచూసినోళ్లకు యాదికుంటది, లోపల నల్లటి జిగురు చుక్క ఒకటి కనవడుతది. చిప్పు దాని కిందనే ఉంటది. గట్ల అగ్గువైంది. తైవాన్‌ల మైక్రో జీనియస్ అన్నరు, రష్యాల డెండీ అన్నరు. నింటెండోకు రూపాయి పోలేదు, నిజమే. కని కైకిలోని కొడుకు చేతికి మారియో వచ్చింది గా డూప్లికేటుతోటే.

మోసం సుత ఉండె. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని రాసేటోళ్లు. కిందికి పోతే అవ్వే ఆటలు పేర్లు మార్చుకొని మళ్లమళ్ల వచ్చేటివి. నంబరు జూసి నమ్మొద్దని నాకు మొదలు నేర్పింది గా క్యాసెట్టే.

ఆట నడవకుంటే క్యాసెట్ తీసి ఉఫ్ఫుమని ఊదేటోళ్లం. నిజానికి పనిజేసింది మన ఊపిరి కాదు. తీసి మళ్ల పెట్టినప్పుడు పిన్నులు సరిగ్గ తాకేటివి, గంతే. ఊదితే నోటి తడికి పిన్నులు పాడైతయి.

ఇంకో ముచ్చట ఇనుండ్రి. మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌ల పంపే ఒక్క ఫొటో అంతకంటె పెద్దగుంటది. జాగ సరిపోక, మబ్బు బొమ్మకే ఆకుపచ్చ రంగేసి పొద జేసిండ్రు. నమ్మకుంటే మళ్ల ఆడి చూడుండ్రి. చేతిల తక్కువున్నోడే తెలివి ఎక్కువ వాడుతడు.

గిదంత ఇప్పుడెందుకంటరా? నింటెండో 1889ల క్యోటో పట్నంల పేకముక్కలు జేసే దుకాణంగ మొదలైంది. జూదగాళ్ల అడ్డాలల్ల సుత ఆ ముక్కలు నడిచినయి. పేకముక్కల కంపెనీ పిల్లల ఆటకాడికి వచ్చింది. మనమేమో పిల్లల ఆటకాడికెళ్లి మళ్ల పేకకాడికి పోయినం, అది సుత ఫోన్ల. మా ఊర్ల ఒక తమ్ముడు పత్తి అమ్మిన పైసలు రమ్మీ యాప్‌ల పెట్టి పోగొట్టుకుండు. నాయిన అడిగితే జెప్పలేక మూడు దినాలు ఇంటికే రాలే.

ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2017లనే బంద్ పెట్టింది. 2025 ఆగస్టుల పార్లమెంటు సుత పైసల ఆటల మీద చట్టం జేసింది. అయినా లింకులు వేరే పేర్లతోటి ఫోన్లకు వస్తనే ఉన్నయి. అచ్చం 9999 క్యాసెట్ లెక్కనే.

ఆటలు వద్దనుడు లేదు. నేను సుత ఆడినోణ్నే. గా డబ్బ ఒక్కపారి పైసలు తీసుకున్నది, మళ్ల అడగలే. ఓడితే ‘గేమ్ ఓవర్’ అని మొఖం మీదనే చెప్పింది, మేం లేచి బాయికాడికి ఉరికినం. ఇప్పటి యాప్ గా మాట చెప్పది. ‘ఇంకొక్కపారి’ అంటది. ఫోన్ల కొత్త ఆట ఎక్కించే ముందు రెండే చూసుకోండ్రి: ఇది యాడ ఐపోతది? నా పైసలు ఎవలికి పోతున్నయి? జవాబు దొరక్కుంటే తీసెయ్యుండ్రి. మోసపోతే సిగ్గువడకుండ్రి, 1930కి ఫోన్ జేయుండ్రి, ఇంట్ల జెప్పుండ్రి. యాప్ చెప్పకున్నా గేమ్ ఓవర్ అని మనమే అనొచ్చు.