ఆలస్యంగా గుండె దొరికిన కాంటెస్సా

మజిల్ కారు అంటే ఏమిటో అమెరికా 1964లో పాంటియాక్ జీటీఓతో చూపించింది. మధ్యరకం సైజు కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించడం, అంతే. ఆ సైజు కార్లలో 330 ఘనపు అంగుళాలు మించిన ఇంజిన్ పెట్టకూడదని పాంటియాక్ సొంతదారైన జనరల్ మోటార్స్ తనకు తాను గీత గీసుకుంది. పాంటియాక్ చీఫ్ ఇంజినీరు జాన్ డిలోరియన్ బృందం 389 ఘనపు అంగుళాల వీ8ను, అంటే దాదాపు 6.4 లీటర్ల ఇంజిన్‌ను, కోరుకున్నవాళ్లకు అదనంగా వేసిచ్చే సరంజామా కింద చూపి గీత దాటేసింది. శక్తి 325 హార్స్‌పవర్.

మన దేశంలో పాతకార్ల ప్రేమికులు మజిల్ కారని పిలుచుకునేది హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సాను. పొడుగాటి బానెట్, వెనక చక్రాలకు శక్తినిచ్చే అమరిక, లోపల కాళ్లు చాపుకునేంత చోటు చూస్తే ఆ పేరు తప్పనిపించదు. పైగా చుట్టరికం నిజమే. ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ 1925 నుంచి 2017 దాకా జనరల్ మోటార్స్ చేతిలో ఉండేది. అది 1978లో ఆపేసిన వీఎక్స్ కారు అచ్చులే బెంగాల్‌లోని ఉత్తర్‌పారా చేరి, 1984లో కాంటెస్సాగా రోడ్డెక్కాయి.

ఒంటికి తగ్గ గుండె మాత్రం లేదు. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజినే దీనికీ పెట్టారు. సుమారు 50 హార్స్‌పవర్‌తో టన్నుకు పైగా బరువు లాగాలి. వేగం పెరగడమన్నది బరువు మీద ఎంత బలం పడుతుందన్న లెక్క. ఆ లెక్క ఇక్కడ కుదరలేదు. జీటీఓ సూత్రం తలకిందులైంది: పెద్ద ఒంట్లో చిన్న ఇంజిన్.

1980ల చివర్లో జపాన్ ఇసుజు 1817 సీసీ ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు వచ్చాక కాంటెస్సా క్లాసిక్ లేచి నిలబడింది. 88 హార్స్‌పవర్! ఇసుజులోనూ 1971 నుంచి జనరల్ మోటార్స్‌కు వాటా ఉండేది. అంటే ఒళ్లూ గుండే ఒకే ఇంటి బంధువుల దగ్గర నుంచి వచ్చినవే. తర్వాత డీజిల్ రకాలూ దిగాయి. కొత్త తరం కార్లు రోడ్లు నింపేశాక 2002లో తయారీ ఆగింది.

ఇప్పుడు జఫర్‌గఢ్ నుంచి వర్ధన్నపేట మీదుగా వరంగల్ వెళ్లి, పాత ఏపీ 36 నంబరుతో ఉన్న కాంటెస్సాను కొనాలనుకునేవారికి నేను చెప్పేది ఒకటే. రంగు చూసి మురిసిపోకండి, కిందికి వంగి రేకు చూడండి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది అంచులు, పైకప్పు కలిసి బరువు మోస్తాయి. అక్కడ తుప్పు తింటే కారు ఎముకే మెత్తబడినట్టు. డెంటింగ్ చేసేవాళ్లు రంధ్రాన్ని లప్పంతో పూడ్చి పెయింట్ కొడితే కంటికి కనబడదు, కానీ అయస్కాంతం అక్కడ అతుక్కోదు. మంచి షెడ్డులో అయితే పుచ్చిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. డబ్బంతా పోవాల్సింది అక్కడే. మెరిసే చక్రాలకూ సౌండ్ సిస్టానికీ కాదు.

ఇంజిన్ 1489 సీసీదైతే ఇంకో సంగతి ఉంది. పాత పెట్రోలులో కలిపిన సీసం వాల్వులు కూర్చునే అంచు మీద పల్చని పొరలా పేరుకుని, లోహం అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అందుకని ఇంజిన్ హెడ్ దించినప్పుడు వాల్వులకు గట్టి లోహపు సీట్లు వేయించడం మేలు. ఏ ఇంజినైనా పెట్రోలు పైపులూ సీళ్లూ మార్చాలి, ఇప్పటి పెట్రోలులోని ఇథనాల్‌కు పాత రబ్బరు ఆగదు.

కొందరు ఇందులో వేరే పెద్ద ఇంజిన్ దూర్చి నిజమైన మజిల్ కారు చేశామంటారు. నాకది నచ్చదు. బ్రేకులు, గేర్‌బాక్సు, రేకు అన్నీ పాత బలానికి లెక్కగట్టినవి. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరూ తేడా వస్తుంది. 50 ఏళ్లు నిండిన బండ్లకు 2021 నుంచి ‘వీఏ’ అక్షరాల వింటేజ్ నంబరు ఇస్తున్నారు, అదీ అసలు రూపం పెద్దగా మారకుండా ఉంటేనే. మొదటి కాంటెస్సాలకు ఆ వయసు 2034లో వస్తుంది. అప్పటిదాకా 15 ఏళ్లు దాటిన మామూలు కారులాగే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. బేరం మొదలుపెట్టే ముందే ఆర్సీ తేదీ చూసుకోండి.