ముప్ఫై మూడో రాయి

కోట దగ్గరున్న విద్యానగర్‌లో 1979 నుంచీ ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తోంది. పైచదువులకని పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు ఈ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. అక్కడ ఏ యూనివర్సిటీలో కాల్పులు జరిగాయన్నా ముందు వారి చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. ‘మావాడు క్షేమమే’ అని తెలిశాక స్తోత్రం చెప్పుకుంటారు. మరి క్షేమంగా లేనివారి మాటేమిటి?

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో అక్కడి విద్యార్థే ఒకడు 32 మందిని కాల్చి చంపి, తానూ కాల్చుకుని చనిపోయాడు. మృతుల్లో మన పొరుగున ఉన్న తమిళనాడు నుంచి వెళ్లిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ ఒకరు. తరగతిలోనే ఆయన నేలకొరిగారు. నాజీల మారణహోమాన్ని తప్పించుకుని బతికిన 76 ఏళ్ల ప్రొఫెసర్ లివియు లిబ్రెస్కు తన తరగతి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. విద్యార్థులు కిటికీల్లోంచి దూకి బయటపడ్డారు. ఆయన బతకలేదు.

దేశమంతా దుఃఖంలో మునిగింది. మర్నాటి సంతాప సభకు అధ్యక్షుడు బుష్ వచ్చారు. ఆ రాత్రి వేలాదిమంది కొవ్వొత్తులతో మైదానంలో నిలిచారు. చనిపోయినవారికి గుర్తుగా విద్యార్థులు అక్కడ రాళ్లు పేర్చారు. వాటి పక్కనే ఒక విద్యార్థిని మరో రాయి పెట్టింది. అది హంతకుడి కోసం! కొందరు దాని దగ్గర కూడా పూలు, ఉత్తరాలు ఉంచారు. కొందరికి అది గుండెకోత అయ్యింది. కొన్నాళ్లకు ఆ రాయి మాయమైంది. అదే ఏడాది ఆగస్టులో ప్రతిష్ఠించిన శాశ్వత స్మారకంలో 32 రాళ్లే ఉన్నాయి.

ఎవరిది తప్పు? బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ‘క్షమించు’ అని తొందరపెట్టే హక్కు మనకు లేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా అతని పక్కన నేలమీద కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే (యోబు 2:13). నోరు విప్పాకే అతణ్ని గాయపరిచారు. అయితే దావీదు తన మీద కత్తిగట్టిన అబ్షాలోము కోసం కూడా వెక్కివెక్కి ఏడ్చాడు. సిలువ మీద మన ప్రభువు తనను చంపుతున్నవారి కోసమే ప్రార్థించాడు.

మన ఊళ్లో హత్య జరిగితే, పోయినవారి ఇంటికి సంఘమంతా వెళ్లి ప్రార్థన చేస్తాం. చేయవలసిందే. ముందు అక్కడికే వెళ్లాలి. కానీ జైలుకు వెళ్లినవాడి తల్లి కూడా మన సంఘంలోదే కావచ్చు. తలెత్తుకోలేక ఆమె ఆదివారం ఆరాధనకు రావడం మానేస్తే, ఆ తలుపు తట్టేదెవరు?