మంచాల లెక్క, మనుషుల లెక్క

బోధనాసుపత్రి పనితీరును మంచాలతో కొలుస్తారు. ఎన్ని మంచాలు నిండాయి, రోగి సగటున ఎన్ని రోజులున్నాడు, ఒక్కో మంచం ఎంతమందికి అందింది? ఈ మూడింటినీ ఒకే పటంలో చూసే పద్ధతిని 1986లో పాబోన్ లాసో ఇచ్చాడు.

ఒక లెక్క వేద్దాం. ఆసుపత్రిలో 100 మంచాలుంటే నెలకు 3,000 మంచం-రోజులు. 2,700 నిండితే 90 శాతం. 300 మంది డిశ్చార్జి అయితే సగటున ఒక్కొక్కరు 9 రోజులున్నట్టు. అందులో 3 రోజులు స్కానింగు కోసం, రిపోర్టు కోసం, పెద్ద డాక్టరు కోసం ఎదురుచూపులే అనుకుందాం. అవి తప్పితే అవే మంచాల మీద 450 మందికి వైద్యం అందుతుంది. రోగికీ, తోడొచ్చినోళ్లకూ మూడు రోజుల కూలి దక్కుతుంది.

కానీ పుండు మానకముందే "ఇంటికి పో" అన్నా కాగితం మీద అదే 6 రోజులు! ఎదురడగలేని వెలివాడ మనిషికే ఆ ముప్పు ఎక్కువ.

అందుకే మేం అనేది: 30 రోజుల్లో మళ్లీ చేరినవాళ్లెందరు, పరీక్షకు ఎన్నాళ్లు ఆగారు, బయట మందులకు ఎంత పెట్టారు అన్నవి కూడా కొలవాలి. కులాలవారీగా కొలవాలి. నెలనెలా వార్డు గోడ మీద పెట్టాలి. మెడికల్ విద్యార్థులు పని నేర్చుకునేది ఈ రోగుల ఒంటి మీదనే. లెక్క అడిగే హక్కు ముందు వాళ్లదే.