కోర్టుల కోసం తలపెట్టిన నగరం

టోకియో: చక్రవర్తి కోట కందకానికి ఎదురుగా హిబియా పార్కు ఉంది. మధ్యాహ్నం పక్కనున్న ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు అన్నం డబ్బాలతో వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. అసలు ఆ కార్యాలయాలు లేవవలసింది ఈ పార్కు స్థలంలోనే!

1858లో కుదిరిన ఒప్పందాల ప్రకారం, విదేశీయుడు జపాన్‌లో నేరం చేసినా జపాన్ కోర్టు విచారించరాదు. దిగుమతి సుంకం పెంచుకునే స్వేచ్ఛ కూడా లేదు. ఐరోపాకు తీసిపోని రాజధానిని కట్టి చూపిస్తే తప్ప ఈ అవమానం తొలగదని విదేశాంగ మంత్రి ఇనౌయె కఒరు నమ్మాడు. దొరలకు విందులూ నృత్యాలూ ఏర్పాటు చేయడానికి 1883లో రొకుమెయికాన్ భవనం తెరిపించాడు. 1886లో భవన నిర్మాణ శాఖను నెలకొల్పి, తానే అధిపతి అయ్యాడు.

బెర్లిన్ నుంచి బెక్‌మన్ అనే వాస్తుశిల్పి వచ్చాడు. సుమారు రెండు నెలల్లోనే విశాలమైన వీధులు, పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు, రైల్వే స్టేషన్‌లతో బ్రహ్మాండమైన ప్లాను గీసి ఇచ్చాడు. పని నేర్చుకునేందుకు సుమారు 20 మంది జపనీయులను జర్మనీకి పంపారు. వారిలో వాస్తుశిల్పులతో పాటు వడ్రంగులు, ఇటుకల పనివారు కూడా ఉండటం విశేషం. మొత్తం పథకంలో కలకాలం నిలిచిన లాభం బహుశా ఇదేనేమో.

మరుసటి సంవత్సరం బెర్లిన్ మురుగుకాల్వల నిర్మాత హోబ్రెక్ట్ వచ్చి ప్లానును బాగా కుదించాడు. ఇంతలో, జపాన్ కోర్టుల్లో విదేశీ న్యాయమూర్తులను నియమించడానికి ఇనౌయె ఒప్పుకున్నాడన్న సంగతి బయటపడింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1887 సెప్టెంబరులో ఆయన రాజీనామా చేశాడు. పెద్ద దిక్కు పోయిన పథకానికి ఖజానా తలుపులు మూతపడ్డాయి.

నేల కూడా సహకరించలేదు. హిబియా ఒకప్పుడు సముద్రపు పాయ. తోకుగావాల కాలంలో పూడ్చారు. ఆ మెత్తటి మన్ను భారీ ఇటుక కట్టడాలను మోయలేదని తేలడంతో, భవనాలను పడమటి మెరక కసుమిగసెకికి మార్చారు. ఖాళీ స్థలం 1903 జూన్ 1న పార్కు అయింది.

పార్లమెంటు సంగతి మరీ విచిత్రం. 1890లో కట్టిన తాత్కాలిక చెక్క భవనం రెండు నెలలైనా గడవకుండానే కాలిపోయింది. శాశ్వత భవనం 1936లో గాని పూర్తికాలేదు.

జర్మనుల ప్లానులో ఇప్పటికీ నిలిచి ఉన్నది 1895 నాటి ఎర్ర ఇటుకల న్యాయశాఖ భవనం. 1923 భూకంపాన్ని తట్టుకుంది. 1945 బాంబుదాడిలో కాలి గోడలు మిగలగా, తరువాత బాగుచేశారు. అది లేచే నాటికి కొత్త ఒప్పందాలు కుదరనారంభించాయి. 1899 నుంచి విదేశీయులు కూడా జపాన్ కోర్టుల్లోనే బోనెక్కారు.