సొంత జలాంతర్గామికి పీడన కవచం: రూపకల్పన సూత్రాలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• లోతును బట్టి కవచంపై పడే భారాన్ని లెక్కకట్టగలుగుతారు.
• లోహం బలం చాలకపోవడానికీ, ఆకారం నిలవకపోవడానికీ తేడా వివరించగలుగుతారు.
• వలయాల అవసరాన్నీ, పరీక్షా విధానాన్నీ తెలుపగలుగుతారు.

1. పరిచయం

ఒకరిద్దరు కూర్చోగల చిన్న జలాంతర్గాములను సొంత షెడ్లలో తయారుచేసుకునే ఔత్సాహికులు అమెరికా, ఐరోపా దేశాల్లో చాలాకాలంగా ఉన్నారు. అమెరికాలో జార్జ్ కిట్రెడ్జ్ రూపొందించిన కె-250, కె-350 నమూనాలు వీరిలో ప్రసిద్ధమైనవి. పేర్లలోని అంకెలు దిగదగిన లోతును అడుగుల్లో సూచిస్తాయి. 350 అడుగులంటే సుమారు 107 మీటర్లు.

ఇలాంటి వాహనంలో మనిషి పీల్చే గాలి భూమిమీద ఉన్న పీడనంలోనే ఉంటుంది. బయటి నీటి పీడనాన్ని అడ్డుకునే గదిని పీడన కవచం అంటాం. మోటారు ఆగిపోతే బరువులు వదిలేసి పైకి తేలవచ్చు. కవచం విఫలమైతే ఆ అవకాశం ఉండదు. అందుకే రూపకల్పన దీనితోనే మొదలవుతుంది.

2. భారం ఎంత?

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం సుమారు 0.1 మెగాపాస్కల్ పెరుగుతుంది. 100 మీటర్ల లోతులో అది 1 మెగాపాస్కల్, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోల బరువు. 60 సెంటీమీటర్ల వ్యాసమున్న మూతపై ఆ లోతులో పడే భారం సుమారు 29 టన్నులు. ఒక్క మీటరు లోతులో కూడా అది 290 కిలోలకు తగ్గదు. మూతను బయటికి తెరుచుకునేలా అమర్చితే నీటి పీడనమే దాన్ని బిగించి ఉంచుతుంది. అయితే లోపలి, బయటి పీడనాలు సమానం కానిదే లోపలి మనిషి దాన్ని నెట్టలేడన్న సంగతి గుర్తుంచుకోవాలి.

3. గ్యాస్ సిలిండరు లెక్క ఎందుకు చాలదు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉక్కు స్తూపం వ్యాసం 1 మీటరు, రేకు మందం 6 మిల్లీమీటర్లు, ఆధారాల మధ్య పొడవు 2.5 మీటర్లు. లోతు 100 మీటర్లు.

వలయ ప్రతిబలం = పీడనం × వ్యాసార్ధం ÷ మందం
= 1 × 500 ÷ 6 = 83 మెగాపాస్కల్

సాధారణ ఉక్కు శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యేది సుమారు 250 మెగాపాస్కల్ వద్ద. భద్రతా గుణకం 3 వచ్చింది కాబట్టి కవచం క్షేమమేనని అనిపిస్తుంది. ఈ నిర్ణయం తప్పు.

గ్యాస్ సిలిండరులో పీడనం లోపలినుంచి నెడుతుంది. చిన్న సొట్ట ఉన్నా దాన్ని సరిచేసే దిశలోనే పనిచేస్తుంది. బయటి పీడనం అలా కాదు. సొట్ట ఉన్నచోట దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. ఒక హద్దు దాటగానే, లోహం బలం ఇంకా మిగిలి ఉండగానే, గోడ మడతలుపడి కూలుతుంది. దీన్ని బక్లింగ్ అంటారు. ఖాళీ నీళ్ల సీసాలోని గాలిని నోటితో పీల్చిచూస్తే ఇదే కనిపిస్తుంది.

ఆవిరి బాయిలర్ల గొట్టాలు ఇలా నలగడాన్ని పరీక్షించిన విలియం ఫెయిర్‌బెయిర్న్, గొట్టం పొడవు పెరిగేకొద్దీ నలిగే పీడనం తగ్గుతుందని 1858లో తెలిపాడు. 1934లో విండెన్‌బర్గ్, ట్రిల్లింగ్ ఇచ్చిన సూత్రం ప్రకారం బక్లింగ్ పీడనం, మందానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి 2.5 ఘాతానికి అనులోమంగానూ, పొడవుకు దాదాపు విలోమంగానూ ఉంటుంది. మన స్తూపానికి ఇది 0.59 మెగాపాస్కల్. అంటే ఆదర్శమైన గుండ్రదనం ఉన్నా అది సుమారు 58 మీటర్ల లోతులోనే కూలిపోతుంది.

ఖరీదైన గట్టి ఉక్కు వాడినా ఈ లోతు మారదు. బక్లింగ్ ఆధారపడేది యంగ్ గుణకంపైన. అది అన్ని ఉక్కులకూ దాదాపు ఒకటే.

4. వలయాల పాత్ర

పరిష్కారాలు రెండు. మందాన్ని రెట్టింపు చేస్తే బక్లింగ్ పీడనం 3.3 మెగాపాస్కల్‌కు చేరుతుంది. బరువు 370 కిలోలు పెరుగుతుంది. మందం మార్చకుండా ప్రతి 50 సెంటీమీటర్లకు ఒక వలయం చొప్పున నాలుగు వెల్డింగ్ చేస్తే అది 3.1 మెగాపాస్కల్ అవుతుంది. 60 మిల్లీమీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందమున్న పట్టీలు వాడితే పెరిగే బరువు సుమారు 55 కిలోలే. వలయాలకు చాలినంత దృఢత్వం ఉన్నదీ లేనిదీ విడిగా లెక్కచూడాలి.

ఈ కవచంలో లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే పీడనం 3.0 మెగాపాస్కల్. రెండు హద్దులూ దగ్గరపడినప్పుడు అసలు కవచం రెండింటికన్నా ముందే కూలవచ్చు. కాబట్టి దాన్ని 300 మీటర్ల కవచమని భావించరాదు.

5. గుండ్రదనం, కొసలు, కిటికీలు

వలయాలు బిగించాక కూడా గుండ్రదనంలో తేడా సాధారణంగా వ్యాసార్ధంలో 0.5 శాతం మించరాదు. మన ఉదాహరణలో అది 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. వెల్డింగ్ వేడికి రేకు లాగుకుంటుంది కాబట్టి, అచ్చుపలక పెట్టి చుట్టూ కొలవాలి.

కొసలకు అర్ధగోళాలు ఉత్తమం. అదే మందానికి గోళంలో ప్రతిబలం స్తూపంలోని వలయ ప్రతిబలంలో సగమే. 6,000 మీటర్ల లోతుకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన మత్స్య 6000లో మనుషులుండే గది 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియం గోళం.

గోడకు రంధ్రం చేసినచోట తీసేసిన లోహానికి బదులు చుట్టూ దళసరి అంచు ఇవ్వాలి. కిటికీలకు కోసిన శంకువు ఆకారంలో మందపాటి ఆక్రిలిక్ వాడితే, పీడనం దాన్ని ఆసనంలోకి మరింత బిగిస్తుంది.

6. పరీక్ష

మొదట మనిషి లేకుండా, తాడుతో, అనుకున్న లోతుకన్నా ఎక్కువ లోతుకు దించాలి. పైకి తీశాక కొలతలు మళ్లీ తీసుకుని ముందటి వాటితో పోల్చాలి. 2023 జూన్ 18న టైటానిక్ శిథిలాల వైపు దిగుతూ టైటాన్ నలిగి ఐదుగురు మరణించారు. కార్బన్ ఫైబర్ స్తూపంతో చేసిన ఆ వాహనానికి ఏ వర్గీకరణ సంస్థ ధ్రువీకరణా లేదు. 2021, 2022 సంవత్సరాల్లో అది అదే చోటికి వెళ్లి తిరిగివచ్చింది. క్షేమంగా తిరిగిరావడం ఆ ఒక్క ప్రయాణానికే సాక్ష్యం. కవచంలో మిగిలిన బలానికి కాదు.

7. సారాంశం

పీడన కవచానికి రెండు ప్రశ్నలు వేయాలి: లోహం తట్టుకుంటుందా? ఆకారం నిలుస్తుందా? పలుచని కవచాల్లో ప్రాణం నిలిపేది ఎక్కువగా రెండో జవాబే. వలయాలు, కచ్చితమైన గుండ్రదనం, మనిషి లేని పరీక్ష ఆ జవాబును బలపరుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్యాస్ సిలిండరు లెక్కను జలాంతర్గామికి నేరుగా ఎందుకు వాడరాదు?
2. వ్యాసం 1.2 మీటర్లు, మందం 8 మిల్లీమీటర్లు ఉన్న స్తూపంలో 60 మీటర్ల లోతున వలయ ప్రతిబలం ఎంత? (జవాబు: 45 మెగాపాస్కల్) ఈ ఒక్క జవాబుతో కవచం క్షేమమని చెప్పవచ్చా? వివరించండి.